నిండుగా పోసిన చాయ్

అట్‌బాషీ
14 సెప్టెంబరు 2006

కలీచాకు, వదిన నసీపా ఆశీస్సులతో.

నీ ఉత్తరం మినీబస్సు డ్రైవరు చేతుల మీదుగా నిన్న చేరింది. కవరు నిండా జిడ్డు వేలిముద్రలున్నాయి గాని లోపలి కబురు శుభ్రమైనదే. బెర్మెత్‌కు నరీన్ పట్టణంలో సంబంధం కుదిరిందని చదివి సంతోషించాను. అయితే సంతోషం ఒకటి, సమ్మతి మరొకటి. పిల్ల ఇంకా మూడో ఏడాది చదువులోనే ఉంది. పెళ్లి ఎక్కడికీ పారిపోదు. చదువు మాత్రం ఒకసారి చెయ్యి విడిపించుకుంటే మళ్లీ వెనక్కి తిరిగి చూడదు. మేనమామ భార్యగా ఈ మాట చెప్పే హక్కు నాకుంది. తల్లిగా వినకుండా ఉండే హక్కు నీకూ ఉంది.

ఈ ఏడు బంగాళదుంపలు బాగానే ఊరాయి. వంగి తవ్వడం కన్నా కూర్చుని తవ్వడమే శాస్త్రీయమని నిశ్చయించుకుని, పీట వేసుకుని ఒక్కదాన్నే తవ్వాను. కొత్తగా కొన్న రబ్బరు జోళ్లు మాత్రం నాసిరకం. మొన్న దొడ్లోంచి ఇంట్లోకి వచ్చి చూసుకుంటే ఎడమకాలికి జోడు లేదు. బురదలో కూరుకుపోయి ఉంది. ఎప్పుడు ఊడిందో నాకే తెలియలేదు. ఈ కాలపు కార్ఖానాలకు కాలి కొలత అంటే ఏమిటో తెలియదు.

ఫోను పెట్టించుకోమని మళ్లీ రాశావు. ఫోనులో మనిషి మాట్లాడాక ఆలోచిస్తాడు. ఉత్తరంలో ఆలోచించాక మాట్లాడతాడు. నా వయసుకు రెండోదే క్షేమం.

నీ మేలు కోరే
నసీపా

కరకోల్
2 అక్టోబరు 2006

వదినా,

సంతోషం వేరు, సమ్మతి వేరు అని నువ్వు రాసిన వాక్యం తెమిర్‌కి చదివి వినిపించాను. మా ఆయన చాయ్ గొంతులో అడ్డంపడి దగ్గాడు. "మీ వదిన బళ్లోంచి రిటైరైంది గాని బెత్తం ఇంకా అప్పజెప్పలేదే" అన్నాడు. పెళ్లయ్యాక కూడా చదివిస్తామని అబ్బాయి వాళ్లు నా ముందే మాటిచ్చారు. ఇక నీకేం అభ్యంతరం?

ఇప్పుడు అసలు కబురు. వియ్యపురాలు షార్కాన్, ఆవిడ తమ్ముడు జోలోన్ వచ్చే ఆదివారాల్లో ఒకరోజు నిన్ను చూడ్డానికి వస్తారట. సంబంధం ఖాయం చేస్తూ పిల్లకి చెవిపోగులు పెట్టే ముందు మా ఇంటి పెద్దదాని ముఖం చూడాలని పట్టుబట్టారు. పెద్దదంటే నువ్వేగా. అన్నయ్య పోయాక మాకు ఇంకెవరున్నారు? నాకు తొమ్మిదేళ్లప్పుడు నువ్వు కోడలిగా వచ్చి, నా జడ వేసి, ఎక్కాలు చెప్పి, తప్పితే చెవి మెలేసిన దానివి. వాళ్ల చెవులు మాత్రం మెలెయ్యకు. మొక్కలు ఎండనెలా తింటాయో పాఠం చెప్పకు. నాలుగు పిండిముక్కలు నూనెలో వేసి బోర్సోకులు వేయించి, చాయ్ పోసి, నవ్వు ముఖం పెట్టు. ఒక్క పూటే.

ఇంకోటి. నువ్వు కర్ర పట్టుకుని నడుస్తున్నావని డ్రైవరు చెప్పాడు. నిజమా?

నీ చేత చెవి మెలిపెట్టించుకున్న
కలీచా

అట్‌బాషీ
20 అక్టోబరు 2006

కలీచాకు,

నీ వియ్యాలవారు వచ్చారు, వెళ్లారు. బోర్సోకులు వేయించాను, చాయ్ పోశాను, నవ్వు ముఖం కూడా పెట్టాను. వాళ్లకు అది కనిపించిందో లేదో చెప్పలేను.

డ్రైవరు చూసిన కర్ర వీధి కుక్కల కోసం. ఇంతకు మించి ఆ విషయంలో వివరణ అవసరం లేదనుకుంటాను.

నడుము పట్టేసినట్టుంటే ఊళ్లో డాక్టరుకు చూపించుకున్నాను. చక్కెర జబ్బు లేదన్నాడు. వెన్నుపూస అరుగుదలన్నాడు. మన డాక్టర్లకు వెన్నుపూస ఉప్పు లాంటిది. ఏ కూరలోనైనా ఒక చిటికెడు వేస్తారు. బలానికి సూదులు రాశాడు, పొడిపించుకుంటున్నాను. గ్రంథాలయానికి వెళ్లడం మానేశాను. మంచి పుస్తకాలన్నీ పై అంతస్తులో పెట్టారు. ఆ మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక కమ్మీ అయినా లేదు. ఆ పుస్తకాలు కూడా మునుపటంత బాగుండటం లేదు.

చలి మొదలైంది. బొగ్గు తెప్పించాను. ఎవరినీ సాయం పంపవద్దు.

నసీపా

కరకోల్
5 నవంబరు 2006

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి రాస్తున్నాను. ఇదీ చింపకముందే డ్రైవరుకి ఇచ్చేస్తాను.

షార్కాన్‌కి గిన్నె నిండా చాయ్ పోశావట. అంచు దాకా. జోలోన్‌కీ అంతే. వాళ్లు ఒక్క గుక్క తాగి, మర్యాదకి రొట్టె తాకి, లేచి వెళ్లిపోయారు. ఇంకేం చేస్తారు?

మర్యాద నాకు నేర్పిందే నువ్వు. "అడుగున కొంచెమే పొయ్యవే పిల్లా, మళ్లీ మళ్లీ పొయ్యాలి, వచ్చినవాళ్లు ఎంతసేపు కూర్చుంటే మనకంత సంతోషమని గిన్నే చెప్పాలి. నిండా పోశావంటే గుమ్మం చూపించినట్టే" అనేదానివి. నేనోసారి పొరపాటున మన పొరుగాయనకి నిండా పోస్తే ఆయన వెళ్లేదాకా ఊరుకుని తర్వాత నా వీపు మీద ఒక్కటిచ్చావు. మరి నువ్వు ఎలా చేశావు ఈ పని? నీకు సంబంధం ఇష్టం లేకపోతే నన్ను తిట్టు. అలవాటే నాకు. ఇంటికొచ్చిన మనుషుల్ని గిన్నెతో కొడతావా?

చెవిపోగుల వేడుక వాయిదా వేశారు. "పెద్దావిడకి ఇష్టం లేనప్పుడు తొందరెందుకు" అని మెత్తగా కబురు పంపారు. ఆ మెత్తదనమే నన్ను కోస్తోంది. బెర్మెత్ గదిలోంచి బయటికి రావడం లేదు. "నసీపా అత్తయ్యకి నామీద ప్రేమ లేదా అమ్మా" అని అడిగింది. ఏం చెప్పమంటావు?

కలీచా

అట్‌బాషీ
19 నవంబరు 2006

కలీచా,

నీ కోపం న్యాయమైనది. నా ఇంట్లో, నా చేత్తో పోసిన చాయ్‌కి నేనే జవాబుదారీని. సంజాయిషీ ఇచ్చే అలవాటు నాకు లేదు. ఈ వయసులో నేర్చుకోలేను.

బెర్మెత్‌కు చెప్పు: ప్రేమ లేకపోతే దాని చదువు గురించి నాకు బెంగ ఉండేది కాదు.

నీ కోపం చల్లారే వరకు రాయనక్కర్లేదు.

నసీపా

కరకోల్
10 డిసెంబరు 2006

వదినా, నా బంగారు వదినా,

కోపం చల్లారలేదు. దిశ మారింది. ఇప్పుడు వేరే దానికి కోపం.

పోయిన వారం నేనూ తెమిర్ ఒక గొర్రెను తోలుకుని క్షమాపణ చెప్పుకోడానికి నరీన్ వెళ్లాం. షార్కాన్ మంచి మనిషి. గొర్రెని చూసి "దీన్ని ఎందుకు బాధపెట్టారు, ఇంత దూరం" అంది. కూర్చోబెట్టింది. మాకు చాయ్ ఎంత పోసిందో తెలుసా? రెండు గుక్కలు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఆవిడే మొదలుపెట్టింది.

"మీ వదినగారి పంతం చూసి నాకు భయమేసిందండీ. చాయ్ గిన్నె నిండి పొర్లింది. మరిగే చాయ్ ఆవిడ వేళ్లమీదుగా పారింది. ఆవిడ రెప్ప కూడా వెయ్యలేదు. నన్ను పంపేయడానికి చెయ్యి కాల్చుకునే మనిషి ఇంట్లో పిల్లనెలా అడగను?"

"వేళ్లమీద పడిందా?" అన్నాను.

"పడిందేమిటి, తడిసిపోయాయి. మర్నాడు బొబ్బలెక్కి ఉంటాయి. అక్కడికీ గుడ్డ ఇవ్వబోయాను. ఏం పడింది అన్నట్టు చూశారు నా వంక."

వదినా, అక్కడే నాకు అర్థమైంది. అది పంతం కాదు. నీకు తెలియలేదు. జోడు ఊడితే కాలికి తెలియలేదు, చాయ్ పడితే చేతికి తెలియలేదు. మెట్లు ఎక్కలేక పుస్తకాలు బాగోలేవన్నావు. కుక్కల కోసం కర్ర. మీ ఊళ్లో కుక్కలన్నీ నీ దగ్గరే చదువుకుని ఉంటాయి, నిన్ను చూస్తే తోకలు ముడుస్తాయి. వాటికి కర్రెందుకు?

మొరటుదాన్ని అనిపించుకోడానికి ఒప్పుకున్నావు గాని చేతకానిదాన్ని అనిపించుకోడానికి ఒప్పుకోలేదు. అదే నా కోపం. అది వెన్నుపూస కాదు, ముసలితనం కాదు, నాకు డాక్టరీ రాదు గాని ఆ మాత్రం తెలుసు. ముసలివాళ్లకి చేతులు కాలితే కేకలు పెడతారు.

శనివారం నేనూ తెమిర్ కారులో వస్తాం. బిష్కెక్‌లో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తాం. వద్దన్నావంటే దుప్పట్లో చుట్టి వేసుకుపోతాం.

నీ
కలీచా

అట్‌బాషీ
14 డిసెంబరు 2006

కలీచాకు,

ఈ ఉత్తరం శనివారానికి ముందే నిన్ను చేరాలని డ్రైవరును బతిమాలాను. నన్ను దుప్పట్లో చుట్టవద్దు. నేను మూటను కాను.

నువ్వు సగం ఊహించావు. మిగతా సగం నేను చెబుతాను. మధ్యలో ఓదార్చకుండా చదువు.

వేసవిలో మొదలైంది. పాదాలకు మందపాటి ఉన్ని మేజోళ్లు తొడిగినట్టుండేది, తొడగకపోయినా. రెండు పాదాలకూ ఒకేసారి. ఒక పక్కే వచ్చి ఉంటే పక్షవాతమని భయపడేదాన్ని. రెండూ సమంగా ఉండటంతో వయసు అనుకున్నాను. వయసు న్యాయంగానే పంచుతుందని నా నమ్మకం. తరువాత నేల మీద నుంచి లేవడం కష్టమైంది. మొహం కడుక్కునేటప్పుడు కళ్లు మూస్తే ఒళ్లు పక్కకు ఒరిగిపోయేది. గోడ మీద ఒక చెయ్యి ఆనించి, ఒక్క చేత్తోనే కడుక్కోవడం నేర్చుకున్నాను. అక్టోబరుకు వేళ్లు కూడా ఉన్నిలోకి వెళ్లిపోయాయి. చొక్కా గుండీలు చూసుకుంటూ పెట్టుకోవలసి వచ్చేది. నెల నెలకూ ఒక మెట్టు కిందికి.

ఇక ఆ చాయ్. వంచిన కెటిల్‌ను తిరిగి నిలబెట్టమని చేతికి చెప్పాను. చెయ్యి ఆలస్యంగా విన్నది. షార్కాన్ గిన్నె అలా నిండింది. జోలోన్ గిన్నె మాత్రం నేను తెలిసే నింపాను. ఒకటి నిండుగా, ఒకటి అడుగున ఉంటే మొదటిది చేతకానితనమని వాళ్లకు అర్థమైపోయేది. రెండూ నిండితే అది నా అభిప్రాయం అవుతుంది. అభిప్రాయానికి నేను ఎన్నడూ సిగ్గుపడలేదు.

ఎందుకింత దాచావని అడుగుతావు. మీ అమ్మను నేను ఎత్తి కూర్చోబెట్టి తినిపించిన ఏళ్లు నీకు గుర్తున్నాయి. నేను విసుక్కోలేదు, నిజమే. కాని ఆమె కళ్లు ప్రతి పూటా నన్ను క్షమాపణ అడిగేవి. ఆ చూపు నా కళ్లలోకి రాకూడదని ఒకటే కోరిక. ఈ ఇంట్లో పొయ్యి నేనే రాజెయ్యాలి, తలుపు నేనే తియ్యాలి. ఎవరి దగ్గర నన్ను ఉంచాలా అని మీరంతా కూర్చుని మాట్లాడుకునే రోజు రాకూడదు.

బిష్కెక్‌కు వస్తాను. బస్సులో, నా టిక్కెట్టు నేనే కొనుక్కుని వస్తాను. మీరిద్దరూ బస్టాండులో నన్ను కలుసుకోవచ్చు. చెయ్యి పట్టుకోవాలనిపిస్తే పట్టుకో. నేనే నిన్ను ఆసరాగా పట్టుకున్నట్టు మాత్రం నడవవద్దు.

నసీపా

బిష్కెక్, ఆసుపత్రి
21 జనవరి 2007

కలీచాకు,

నువ్వు వెళ్లిన తరువాత పరీక్షల ఫలితాలన్నీ వచ్చాయి. డాక్టర్ ఉమెతలీవా వయసులో నా చివరి విద్యార్థుల కన్నా చిన్నది. అయినా కూర్చుని, పాఠం చెప్పినట్టు చెప్పింది. మంచి పాఠాన్ని నేను గుర్తుపట్టగలను.

నువ్వు చూశావుగా, రబ్బరు సుత్తితో మోకాళ్ల మీద కొడితే కాలు తన్నలేదు. మడమ దగ్గరా అంతే. ముసలితనంలో కాలు తక్కువగా తన్నుతుందట, ఇలా చచ్చినట్టు పడి ఉండదట. తరువాత నరాలలోకి కరెంటు పంపి కొలిచారు. నా కబుర్లు పాదం నుంచి పైకి మన పోస్టు కన్నా నెమ్మదిగా నడుస్తున్నాయి. వెన్నునీరు కూడా తీసి చూశారు.

మనలో ప్రతి నరానికీ కరెంటు తీగకున్నట్టే ఒక తొడుగు ఉంటుంది. రోగాల మీదికి వెళ్లవలసిన నా ఒంటి కాపలా దారి తప్పి ఆ తొడుగునే కొరుకుతోంది. కాపలా కుక్క యజమాని కాలు పట్టుకున్నట్టు. అరుదైన జబ్బు. పేరు బస్సు అంత పొడుగు. అది నీకు రాయను. "ఎందుకు వచ్చింది?" అని అడిగాను. "తెలియదు పెద్దమ్మా" అంది. తెలియదని చెప్పగల డాక్టరును నా జన్మలో మొదటిసారి చూశాను. అప్పటి నుంచి ఆమె మీద నమ్మకం కుదిరింది.

మందుంది. రోజూ హార్మోను మాత్రలు. రక్తంలోంచి ఆ పిచ్చి కాపలాను వడకట్టి తీసే యంత్రం కొన్నిసార్లు. ఉప్పు తగ్గించాలి, తీపి తగ్గించాలి. "ఇంకో ఏడాది ఆగి ఉంటే?" అని అడిగితే ఆమె చక్రాల కుర్చీ వైపు చూసింది. "మళ్లీ రావచ్చు. వస్తే మొదటి వారంలోనే నాకు తెలియాలి. రెండు పక్కలా మొద్దుబారినా, బలం తగ్గినా, నడక తూలినా ఆగకూడదు. మీలాంటివాళ్లతోనే మాకు కష్టం. నొప్పి ఉండదు, మీరు చెప్పరు" అంది. పక్క మంచం ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు.

కాలివేళ్లను ఆమె పైకీ కిందికీ కదుపుతుంది. నేను కళ్లు మూసుకుని ఎటు కదిలిందో చెప్పాలి. మొదటి రోజు అన్నీ తప్పాను. జీవితమంతా ఇతరుల తప్పులు దిద్దిన మనిషిని. నిన్న బొటనవేలు సరిగ్గా చెప్పాను. వార్డంతా విన్నారు.

గురువారం నీ వియ్యపురాలు వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "వదినగారూ, చేతులు చూపించండి" అంది. చూపించాను. మచ్చలింకా ఉన్నాయి. మంచం అంచున కూర్చుని వాటిని తన ఒళ్లో పెట్టుకుంది.

"ఒక్కమాట చెబితే నేనే పోసేదాన్ని గదండీ."

"అడిగితే చెప్పేదాన్ని కాదు" అన్నాను.

"అదీ తెలుసు. మా అత్తగారూ ఇంతే. నడుము విరిగితే ఆవు తన్నిందని చెప్పలేదు, ఆవుదే తప్పంటారేమోనని."

"ఆవు పేరు కాపాడారన్నమాట. మంచి మనిషి."

"మంచి మనిషే. మమ్మల్ని చంపుకు తినేవారు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత ఆమె నా మేజోళ్లు సరిచేసింది. ఎవరైనా నా పాదాలు ముట్టుకుంటే నాకు చిరాకు. ఈసారి ఆమె వేళ్లు కొంచెంగా తెలిశాయి, అందుకని వద్దనలేదు.

చదువు ఆపించబోమని నాకు కూడా మాటిచ్చింది. అడగకుండానే.

నసీపా

కరకోల్
25 ఫిబ్రవరి 2007

వదినా,

బెర్మెత్ చెవులకి పోగులు పడ్డాయి. షార్కాన్ పెడుతూ "పెద్దావిడ ఆశీర్వాదం నా దగ్గరుంది, చేతులు పట్టుకుని మరీ తెచ్చాను" అని అందరిముందూ చెప్పింది. తెమిర్ మళ్లీ దగ్గాడు. ఈసారి ఏడుపు దాచుకోడానికి.

వచ్చేవారం నిన్ను ఇంటికి పంపుతారట గదా. ఇల్లంటే ఇదే, ఇక్కడికే రా. ఎండ వచ్చే గది నీకు సున్నం వేయించాం. మంచం ఎత్తు చేయించాను, లేవడానికి వీలుగా. నీ ఆవుని మీ పొరుగావిడ తీసుకుంటానంది, మాట్లాడాను.

రానంటావా, ఇంకో మాటైనా ఒప్పుకోవాలి. వారానికో ఉత్తరం రాస్తావు, అందులో కాళ్లూ చేతులూ ఎలా ఉన్నాయో దాచకుండా రాస్తావు. ఒట్టు పెట్టు.

కలీచా

అట్‌బాషీ
12 ఏప్రిల్ 2007

కలీచాకు,

సున్నం వేసిన గదికి కృతజ్ఞతలు. అందులో పాల డబ్బాలు పెట్టుకో. నా ఆవును నా వెనక బేరమాడినందుకు నువ్వు నా ఆడపడుచువి కనుక బతికావు. ఆవు నా దగ్గరే ఉంది. పొరుగావిడ వచ్చి పాలు పితుకుతుంది, సగం తీసుకుపోతుంది. ఇది సాయం కాదు, ఒప్పందం.

గుమ్మం వరకు కర్ర లేకుండా నడుస్తున్నాను. గుండీలు చూడకుండా పెట్టుకుంటున్నాను. అరికాళ్లు రాత్రిళ్లు మండుతాయి. మండటం నరం బతికి ఉందనడానికి గుర్తని డాక్టరు చెప్పింది. ఆ మంటను కోప్పడకుండా భరిస్తున్నాను.

వారం వారం నివేదిక మాత్రం అడగవద్దు. నేను బళ్లో అందరి చేత హాజరు పలికించాను. నేను ఎవరికీ పలకను. నా ఒంటి సంగతి నాకు తెలుసు.

పెళ్లికి వస్తాను. నిలబడి ఆశీర్వదిస్తాను.

నీ
నసీపా

అట్‌బాషీ
20 ఆగస్టు 2007

కలీచా,

డాక్టరు మాత్ర తగ్గించి నెల కాలేదు. ఈ ఉదయం తలగుడ్డ ముడి వెయ్యబోతే వేళ్లకు అంచు దొరకలేదు. అద్దంలో చూస్తూ కూడా వెయ్యలేకపోయాను. పొరుగావిడతో గాలి ఎక్కువగా ఉందని చెప్పాను. బయట గాలి లేదు. ఆమె ముడి వేసి వెళ్లింది.

రెండు పాదాలూ. నిన్నటి నుంచి. మడమల వరకు. కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకోవలసి వచ్చింది. నొప్పి లేదు.

ఇంతవరకు రాశాక "నువ్వు కంగారుపడనక్కర్లేదు" అని ఒక వాక్యం రాశాను. కొట్టేశాను, గీత కింద కనిపిస్తూనే ఉంటుంది.

కర్ర పట్టుకుని వెళ్లి డాక్టరుకు పోస్టాఫీసు నుంచి ఫోను చేశాను; నీకు ఈ మాట ఫోనులో చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం ఈరోజే డ్రైవరు చేతికిస్తున్నాను. రమ్మంది. బస్సు ఎక్కగలను, దిగగలనో లేదో తెలియదు. దుప్పటి తెచ్చుకో, తెమిర్‌ను తీసుకురా, కారులోనే వెళదాం. తలుపు గడియ వెయ్యను, లేచి తియ్యడానికి ఆలస్యమవుతుంది.

రా.

వదిన